నోరు పెగలాలి, నోరు జారకూడదు: క్రైస్తవ విశ్వాసాన్ని పక్కవాళ్లతో పంచుకోవడానికి సమగ్ర మార్గదర్శి

ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర నిలబడి యవనస్థులు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. "అన్నా, ఆఫీసులో ఎవరైనా అడిగితే నోట మాట రావట్లేదు." "నేను మొదలుపెడితే చాలు, గొడవైపోతోంది." "మా మేనమామ వాళ్లింట్లో అందరూ హిందువులే, ఎక్కణ్నుంచి ఎత్తుకోవాలి?" వాళ్లందరికీ విడివిడిగా చెబుతున్నదాన్ని ఇక్కడ వరసగా పెడుతున్నాను.

ఇది మైకు పట్టుకునేవాళ్ల కోసం రాసింది కాదు. సభలో ఎదురు ప్రశ్న వేసేవాడు ఉండడు, ఆమెన్ అనేవాళ్లే ఉంటారు. టీ కొట్టు దగ్గర ఒక్క మనిషి "నీకెలా తెలుసు?" అని నిలదీస్తే జవాబు చెప్పగలగడం వేరే సంగతి. అతను "నాకొద్దులే" అన్నాక మర్నాడు అదే కొట్టుకి అతనితోనే నవ్వుతూ వెళ్లగలగడం ఇంకా కష్టం. కింద చెప్పేదంతా ఆ రెంటి కోసమే.

1. ముందు మిమ్మల్ని మీరు నాలుగు ప్రశ్నలు వేసుకోండి

ఎవరితో మాట్లాడాలనుకుంటున్నారో ఆ ఒక్కరి పేరు మనసులో పెట్టుకుని, వీటికి నిజాయతీగా జవాబు చెప్పుకోండి.

☐ ఆ మనిషి నా మాటకు "వద్దు" అనగలడా? నా కింద పనిచేసేవారు, మా ఇంట్లో పనిచేసే ఆవిడ, నా దగ్గర అప్పు తీసుకున్నవారు, నేను మార్కులు వేసే విద్యార్థులు వద్దనలేరు. వాళ్లు అడగనిదే మీరు ఎత్తకూడదు.

☐ అతను నా మాట వినకపోయినా నా స్నేహం ఇలాగే ఉంటుందా? ఉండదు అనిపిస్తే మీకు కావాల్సింది స్నేహితుడు కాదు, లెక్క.

☐ అతని గురించి నాకేం తెలుసు? పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఆరోగ్యం, అతనికి నిద్ర పట్టనివ్వని సంగతి, వీటిలో ఒక్కటీ తెలియకపోతే ఇంకా మీ వంతు రాలేదు.

☐ ఈ నెలలో అతని పేరు పెట్టి ప్రార్థించానా?

నాలుగోది మొక్కుబడికి రాసింది కాదు. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో పేతురు, యోహానులను అధికారులు బెదిరించి పంపేస్తే, సంఘం చేసిన ప్రార్థన చూడండి. బెదిరింపులు ఆగాలని వాళ్లు అడగలేదు, ధైర్యంగా మాట్లాడే శక్తి ఇమ్మన్నారు. ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయంలో పౌలు కూడా సంకెళ్లలో ఉండి అదే అడుగుతాడు, నేను ధైర్యంగా మాట్లాడేలా నా కోసం ప్రార్థించండి అని. పౌలంతటివాడికే అడగాల్సి వచ్చింది. మీకు గుండె దడదడలాడితే అందులో సిగ్గుపడేది ఏమీ లేదు.

2. రెండు నిమిషాల సాక్ష్యం కాగితం మీద రాసుకోండి

ఎక్కువమంది తప్పించుకునేది ఈ అడుగునే. "ఆత్మ నడిపించినప్పుడు మాటలు అవే వస్తాయి" అంటారు. అవి నిజంగా వచ్చినప్పుడు సంతోషమే. మామూలుగా మాత్రం వచ్చేది ఆదివారం విన్న ప్రసంగంలోని మాటలే.

చాలామంది చెప్పే సాక్ష్యం ఇలా ఉంటుంది:

"నేను అంధకారంలో, లోకాశలలో జీవిస్తున్న దినములలో ప్రభువు నన్ను దర్శించి, తన ప్రశస్తమైన రక్తముతో కడిగి, నూతన సృష్టిగా చేసి ఉన్నాడు. దేవునికే మహిమ."

సంఘంలో దీనికి అందరూ తలూపుతారు. పక్క సీటులో కూర్చునే సహోద్యోగికి మాత్రం ఒక్క ముక్క అర్థం కాదు. ఏం జరిగిందో ఇందులో ఎక్కడా లేదు. అదే మనిషి చేత కూర్చోబెట్టి రాయిస్తే ఇలా రావచ్చు:

"నాన్న పోయాక నాకు విపరీతమైన కోపం ఉండేది. కంచం విసిరికొట్టిన రోజులున్నాయి. అమ్మ నాతో మాట్లాడాలంటే భయపడేది. ఒక స్నేహితుడు లూకా సువార్త చదవమని ఇచ్చాడు. ఇల్లొదిలి పోయిన కొడుకు తిరిగొస్తుంటే తండ్రి పరుగెత్తుకుంటూ ఎదురెళ్లే కథ దగ్గర ఆగిపోయాను. దేవుడు అలాంటివాడని యేసు చెప్పాడు, నేను నమ్మాను. కోపం ఒక్కరోజులో పోలేదు, ఇప్పటికీ వస్తుంది. వచ్చినప్పుడు వెళ్లి క్షమించమని అడుగుతున్నాను. కావాలంటే మా అమ్మనడగండి."

రాసుకునే క్రమం ఇది:

1. అప్పట్లో ఎలా ఉండేవారో రెండు వాక్యాల్లో రాయండి. కళ్లకు కట్టే సంగతి ఒకటి ఉండాలి (పైన కంచం).

2. ఏం జరిగిందో రాయండి. యేసు పేరు, ఆయన చేసింది లేదా చెప్పింది ఒకటి ఇక్కడ తప్పకుండా రావాలి. లేకపోతే అది వ్యక్తిత్వ వికాసం క్లాసు అయిపోతుంది.

3. ఇప్పుడెలా ఉన్నారో రాయండి. ఇంకా మారనిది కూడా ఒకటి చెప్పండి. వినేవాడు మిమ్మల్ని నమ్మేది అక్కడే.

4. గట్టిగా చదివి, ఫోన్లో టైమ్ చూసుకోండి. రెండు నిమిషాలు దాటితే కొట్టేయండి.

5. క్రైస్తవులు కాని ఒక స్నేహితుడికి వినిపించి, అర్థం కాని మాటల కింద గీత పెట్టమనండి.

ఐదో అడుగులో గీత పడే మాటలు దాదాపు తెలిసినవే. వాటికి ముందే బదులు మాటలు వెతుక్కోండి:

- "రక్షణ పొందాను" అనకుండా, దేనినుంచి బయటపడ్డారో ఆ సంగతే చెప్పండి.
- "నాకు మీ మీద భారం ఉంది" అంటే వినేవాడికి భయమేస్తుంది. "మీ గురించి ఆలోచిస్తుంటాను" అంటే చాలు.
- "లోకస్థులు", "అన్యులు" అనే మాటలు ఇంట్లో కూడా మానేయండి. ఇంట్లో వాడితే వీధిలో జారతాయి. ఎదుటివాళ్లు హిందువులు, ముస్లింలు, లేదా ఏ నమ్మకమూ లేనివాళ్లు. వాళ్ల పేరుతోనే పిలవండి.

"నేను పుట్టుకతోనే క్రైస్తవుణ్ని, మా తాత పాస్టరు, నాకు చెప్పుకునే సాక్ష్యం లేదు" అని కొందరు బాధపడతారు. మీరు వేరే ప్రశ్నకు జవాబు రాసుకోండి: ఇంట్లోవాళ్లు ఎవరూ చూడని చోట కూడా, హాస్టల్లోనో, పరాయి ఊళ్లోనో, మీరు ఎందుకు ప్రార్థన మానలేదు? అదే మీ సాక్ష్యం. తాగుబోతు కథ అరువు తెచ్చుకోవద్దు.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో చూపు వచ్చిన గుడ్డివాడు మంచి గురువు. పెద్దవాళ్లంతా చుట్టుముట్టి, నిన్ను బాగుచేసినవాడు పాపి అంటారు. ఆయన పాపో కాదో నాకు తెలీదు, ఒకటి మాత్రం తెలుసు, గుడ్డివాణ్ని, ఇప్పుడు చూస్తున్నాను అంటాడు. తెలిసింది తెలుసన్నాడు, తెలియనిది తెలియదన్నాడు. బెదిరింపులకు మాత్రం మాట మార్చలేదు.

3. చట్టం ఎంతవరకు అనుమతిస్తుందో తెలుసుకోండి

సగం భయం చట్టం తెలియక వచ్చేదే. సగం తలనొప్పులూ అంతే.

- రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి హక్కు ఇచ్చింది. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం అనే హద్దులు పెట్టింది.
- ఆ హక్కు అంటే విశ్వాసాన్ని వివరించే హక్కేగానీ, ఇంకొకరిని మతం మార్చే హక్కు కాదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు చెబుతారు, నిర్ణయం వాళ్లది. సువార్తకు కూడా ఇది అడ్డమేమీ కాదు.
- తిరుమల సహా ప్రభుత్వం నోటిఫై చేసిన ఆరాధనా స్థలాల్లో వేరే మత ప్రచారాన్ని ఆంధ్రప్రదేశ్‌లో 2007 నాటి చట్టం నిషేధించింది. చట్టం లేకపోయినా, గుడి ముందు నిలబడి కరపత్రాలు పంచడం పొరుగువాడికి మర్యాద ఇవ్వడం కాదు.
- పక్కనున్న ఒడిశాలో 1967 నుంచే మతమార్పిడి నియంత్రణ చట్టం ఉంది, ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉంది. పనిమీద సరిహద్దు దాటే ముందు అక్కడి నిబంధనలు కనుక్కోండి.
- ఎదుటివారి మత భావాలను కావాలని కించపరిస్తే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 299, 302 సెక్షన్లు ఉన్నాయి.
- అమెరికా నుంచి సెలవులకు వచ్చే, ఓసీఐ కార్డున్న (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే కార్డు) బంధువులు మిషనరీ పనిలో పాల్గొనాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలని 2021 మార్చి నోటిఫికేషన్ చెబుతోంది. "అన్నయ్య వచ్చాడు కదా, ఊళ్లో ఒక మీటింగ్ పెడదాం" అనే ముందు ఇది చూసుకోండి. టూరిస్టు వీసా మీద వచ్చిన విదేశీ మిత్రుల చేత కూడా ప్రచారం చేయించకూడదు.

4. చోటు, సమయం ఎంచుకోండి

సమరయ స్త్రీతో యేసు మాట బావి దగ్గర మొదలైంది. మొదట ఆయనే ఆమెను దాహానికి నీళ్లు అడిగాడు. ఆమె ఇచ్చే స్థానంలో, ఆయన అడిగే స్థానంలో ఉన్నారు. మనవాళ్లు దీన్ని తిరగేసి, ఇచ్చేవాళ్లలా మొదలుపెడతారు.

కలిసి నడిచే దారి, బైక్ మీద ప్రయాణం, మధ్యాహ్నం భోజనం డబ్బా విప్పిన చోటు బాగుంటాయి. పదిమంది మధ్య వద్దు. అక్కడ అతను తన మాట నిలబెట్టుకోవడానికి వాదించాల్సి వస్తుంది, మీరూ అంతే.

ఆసుపత్రి మంచం దగ్గర జాగ్రత్త. లేచి వెళ్లలేని మనిషికి ప్రసంగం వినిపించకూడదు. "మీ కోసం ప్రార్థన చేసుకోనా? ఇక్కడైనా సరే, ఇంటికెళ్లాకైనా సరే" అని అడగండి. ఇంటికెళ్లి చేసుకోమంటే ఇంటికెళ్లే చేసుకోండి. మందులు మానేయమని పొరపాటున కూడా అనొద్దు. ప్రార్థనతో జబ్బు పోతుందని కరపత్రాలు వేయడం మరీ ప్రమాదం. మహిమలతో రోగాలు నయం చేస్తామనే ప్రకటనల మీద 1954 నుంచే చట్టం ఉంది.

చిన్నపిల్లలకైతే, వాళ్ల అమ్మానాన్నల అనుమతి లేకుండా ఒక్క బైబిలు కథ కూడా చెప్పకండి. సెలవుల్లో వీబీఎస్‌కు (చర్చిలో పిల్లలకు పెట్టే సెలవుల బైబిలు బడికి) పక్కింటి పిల్లల్ని తీసుకెళ్తున్నారా? అక్కడ ఏం పాడతారో, ఏం నేర్పుతారో వాళ్లమ్మకు ముందే చెప్పండి. "ఆటలు, బిస్కెట్లు ఉంటాయి పిన్నిగారూ" అని సగం చెప్పి తీసుకెళ్లొద్దు.

5. మాట నడిచే క్రమం

ఈ వరస తప్పకండి:

1. వినండి.
2. అతను నమ్మేదాని గురించి అడగండి, అది కూడా నిజంగా తెలుసుకోవాలని.
3. అనుమతి అడిగి, చెప్పండి.
4. ఆపండి.
5. "మీకేమనిపిస్తోంది?" అని అడిగి, మళ్లీ వినండి.

నాలుగోది దగ్గరే అందరూ పడిపోతారు. ఊపు వచ్చాక ఆగడం కష్టం. ఎలా ఉంటుందో ఒక ఊహాచిత్రం చూపిస్తాను. ఆఫీసులో భోజనాల వేళ. రాజేశ్వరి గారు సీనియర్, సుధ జూనియర్.

"ఏమ్మా సుధా, ఆదివారం పొద్దున ఏ ఫంక్షన్‌కి పిలిచినా రావు. ఒక్కవారం చర్చికి వెళ్లకపోతే ఏమవుతుంది?"

"ఏమీ అవదు మేడమ్. ఎవరూ అటెండెన్స్ వేయరు. (నవ్వు) వారమంతా ఇక్కడ పరుగు కదా, అక్కడ కూర్చుంటే మళ్లీ మనిషినవుతాను. మీరు శనివారం ఉపవాసం ఉంటారు కదా మేడమ్, ఎప్పట్నుంచి?"

"మా పెద్దోడు కడుపులో ఉన్నప్పట్నుంచి. అప్పుడు చాలా కష్టమైంది, వెంకన్నకు మొక్కుకున్నాను."

"చాలా భయపడి ఉంటారు."

(ఇక్కడ రాజేశ్వరి గారు అయిదు నిమిషాలు మాట్లాడతారు. సుధ మధ్యలో ఒక్క బైబిలు వచనం కూడా దూర్చదు.)

"నాకూ అలాంటి రోజొకటి ఉంది మేడమ్. యేసుప్రభువును నమ్మడం అక్కడే మొదలైంది. ఎప్పుడైనా వింటానంటే చెబుతాను."

"ఇప్పుడే చెప్పు, ఇంకా పది నిమిషాలుందిగా."

సుధ తన రెండు నిమిషాలు చెబుతుంది, ఆగుతుంది. "మీకేమనిపించింది మేడమ్?" అంటుంది. రాజేశ్వరి గారు "అందరు దేవుళ్లూ ఒక్కటేలేమ్మా" అంటారు. ఇప్పుడు సుధ ముందు రెండు దారులున్నాయి. "కాదు మేడమ్, యోహాను 14:6 ప్రకారం..." అని, నేనే మార్గం అని యేసు చెప్పిన వచనంతో మొదలుపెట్టవచ్చు. లేదా, "నేను అలా అనుకోను మేడమ్, యేసు తన గురించి తాను చెప్పుకున్న మాటలు వేరేలా ఉన్నాయి. కానీ మీరు అలా ఎందుకంటున్నారో నాకు అర్థమవుతోంది. ఇంకోరోజు దీని గురించే మాట్లాడుకుందామా?" అనవచ్చు.

నేనైతే రెండోదే చెబుతాను. అందులో తాను నమ్మింది దాచలేదు, "నేను అలా అనుకోను" అని సూటిగానే చెప్పింది. చాలామంది తగ్గింపు, అంటే వినయం, అనుకుని చేసేది ఆ ముక్క మింగేసి "అవును మేడమ్, అన్నీ ఒకటే" అనడం. అది తగ్గింపు కాదు, పిరికితనం. రాజేశ్వరి గారికి కూడా అది తెలిసిపోతుంది.

6. వచ్చే గట్టి ప్రశ్నలకు ముందే సిద్ధపడండి

వీటిని ఇద్దరు కూర్చుని సాధన చేయండి. ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి, తర్వాత మార్చుకోవాలి.

"మతం మారితే డబ్బులిస్తారటగా?" కోప్పడకండి. "నాకెవరూ ఇవ్వలేదు. ఎక్కడైనా ఎవరైనా ఇచ్చి ఉంటే అది తప్పు, యేసు పేరు మీద చేయాల్సిన పని కాదు" అనండి. మీకు తెలియని చోట్ల జరిగినవాటికి మీరు హామీ ఇవ్వొద్దు.

"మీది పరాయిదేశపు మతం కదా?" 849 నాటి కొల్లం రాగి శాసనాలు అక్కడి క్రైస్తవ సంఘానికి ఇచ్చిన దానాల గురించి చెబుతాయి, పోర్చుగీసువాళ్లు 1498లో రావడానికి ఎంతో ముందు. ఇది ఒక్క వాక్యంలో చెప్పండి, అంతకుమించి లాగొద్దు. తెలుగునాట ఎక్కువ సంఘాలు పాశ్చాత్య మిషనరీల పనివల్ల పుట్టినవే, అది కూడా ఒప్పుకోండి. ఆ మిషనరీల తీరు మీద మనవాళ్లే నోరు విప్పారు. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, తర్వాత దోర్నకల్ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య లేచి, మీరు ఎన్నో త్యాగాలు చేశారు, మాకు స్నేహితుల్ని కూడా ఇవ్వండి అని వాళ్ల ముఖం మీదే అడిగాడు. ధైర్యం, మర్యాద ఒకే నోట ఎలా ఉంటాయో చూడాలంటే ఆ ప్రసంగం చూడాలి.

"మీ చర్చిల్లోనూ కులం ఉందిగా?" ఉంది. "ఉంది, అది మా సిగ్గు" అనండి. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు మనవాళ్లు ఏం చేస్తారో ఎదుటివాడికి మీకంటే బాగా తెలుసు. సమర్థించుకుంటే అక్కడితో మాట తెగుతుంది.

"మా దేవుళ్లను దయ్యాలంటారెందుకు?" ఎవరో అని ఉంటారు, అతను విని ఉంటాడు. "మీకు బాధ కలిగింది, వాళ్ల తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను. నేను యేసు గురించి చెప్పగలను, మీ దేవుళ్లను తిట్టడం నా పని కాదు" అనండి. ఎఫెసులో పట్టణమంతా అల్లరి చేసినప్పుడు, పౌలుతో వచ్చినవాళ్లను చూపించి, వీళ్లు మన దేవతను దూషించినవాళ్లు కారని అక్కడి కరణమే సాక్ష్యం చెప్పాడు (అపొస్తలుల కార్యములు 19:37). మీ గురించి మీ వీధి పెద్ద అలా చెప్పగలడా?

"అయితే మా అమ్మమ్మ నరకానికి వెళ్లిందా?" అన్నిటికన్నా కష్టమైంది ఇదే. అడిగేది సిద్ధాంతం కాదు, దుఃఖం. "అమ్మమ్మగారికి తీర్పు చెప్పేవాణ్ని నేను కాదు. దేవుడు న్యాయవంతుడు, ఆవిడ గురించి ఆయనకు తెలిసినంత నాకు తెలియదు" అని చెప్పి, ఆవిడ గురించి చెప్పమని అడగండి. ఆ పూటకు సువార్త అంతవరకే.

తెలియని ప్రశ్న వస్తే "నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను" అనండి. తర్వాత తప్పకుండా కనుక్కుని చెప్పండి.

7. ప్రసాదం, బొట్టు, చందా

మాటల కంటే ముందు మిమ్మల్ని తూచేది వీటి దగ్గరే.

ప్రసాదం విషయంలో విశ్వాసుల్లోనే అభిప్రాయ భేదాలున్నాయి. విగ్రహాలకు అర్పించిన ఆహారం గురించి పౌలు రాసిన 1 కొరింథీ 8 నుంచి 10 అధ్యాయాలు చదివి, మీ మనస్సాక్షికి ఒక నిర్ణయం ముందే చేసుకోండి. గుమ్మంలో నిలబడి ఆలోచించుకోవద్దు. తీసుకోకూడదని నిశ్చయించుకుంటే రెండు చేతులూ జోడించి, "పిన్నిగారూ, మా నమ్మకం ప్రకారం నేను తినను, ఏమీ అనుకోకండి. మీ చేతి పులిహోర మాత్రం ఇంకోరోజు వచ్చి తింటాను" అనండి. ఆ ఇంకోరోజు వెళ్లండి కూడా. తీసుకుని గేటు దాటాక చెత్తబుట్టలో వేయడం అన్నిటికన్నా హీనం. ఎవరో ఒకరు చూస్తారు.

బొట్టు ఎందుకు పెట్టుకోవని అడిగితే, "మా ఇంట్లో అలవాటు లేదండీ" అని ఆపేయొచ్చు, లేదా మీ కారణం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. పెట్టుకున్న ఇంకో క్రైస్తవురాలి మీద వ్యాఖ్యానం మాత్రం వద్దు.

చవితి చందా కోసం కుర్రాళ్లు వస్తే పూజకు ఇవ్వడం మీకు కుదరకపోవచ్చు. అన్నదానానికో, వీధి లైట్లకో, అపార్టుమెంటు ఖర్చుకో ఇవ్వొచ్చేమో ఆలోచించండి. ఏదీ కుదరకపోతే నవ్వుతూ చెప్పండి, తలుపు వెనక దాక్కుని "నాన్న ఇంట్లో లేరు" అని పిల్లాడితో చెప్పించకండి.

8. ఫోన్‌లో

ఆఫీసు గ్రూపులో, అపార్టుమెంటు గ్రూపులో, పదో తరగతి మిత్రుల గ్రూపులో వాక్యం ఫార్వర్డ్ చేయడం ఆపేయండి. అది ధైర్యం కాదు, బొటనవేలు పని. మీ స్టేటస్ మీ సొంతం, అక్కడ పెట్టుకోండి. ఒకరికి పంపాలనిపిస్తే, ముందు "పంపనా?" అని అడిగి పంపండి. వాదన మొదలైతే ఫోన్ చేసి మాట్లాడండి. రాతలో గొంతు వినిపించదు, స్క్రీన్‌షాట్ మాత్రం మిగిలిపోతుంది.

9. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

గొంతు మారిపోతుంది. మామూలుగా మాట్లాడే మనిషి దేవుడి సంగతి రాగానే పాస్టరుగారి రాగం ఎత్తుకుంటాడు. మీ మాట ఫోన్లో రికార్డు చేసి మీ చెల్లికి వినిపించండి. నవ్విందంటే మార్చుకోవాలి.

భయపెట్టడం. "రేపు యాక్సిడెంట్ అయితే నీ ఆత్మ ఎక్కడికి పోతుంది?" అనే ప్రశ్నతో మొదలుపెట్టే అలవాటు కొందరికుంది. హెల్మెట్ పెట్టుకునే వాడి దగ్గర ఆ మాట అంటే అపశకునం పలికావని తిడతాడు, అందులో అతని తప్పేమీ లేదు. దీన్ని పూర్తిగా వదిలేయండి.

కష్టాన్ని వాడుకోవడం. ఇంట్లో చావు జరిగిన మూడో రోజు కరపత్రంతో వెళ్లొద్దు. టిఫిన్ పట్టుకుని వెళ్లండి, కుర్చీలు మోయండి. వాళ్లంతట వాళ్లు అడిగితే అప్పుడు చెప్పండి.

గొప్పలు. "మా చర్చికొస్తే నీ బిజినెస్ లేస్తుంది." లేవకపోతే? మీ చర్చిలోనే వ్యాపారం దెబ్బతిన్నవాళ్లు లేరా? మాట ఇవ్వడానికి మీకున్నదల్లా యేసు ఇచ్చిన మాటలే, వాటిలో సిలువ ఎత్తుకోమనే మాట కూడా ఉంది.

మాట ఒకటి, నడత ఒకటి. అపార్టుమెంటు మెయింటెనెన్స్ మూడు నెలలు బాకీ పెట్టి, తెల్లవారుజామున ఐదింటికి పాటలు పెట్టేవాడు ఎంత వినయంగా మాట్లాడినా లాభం లేదు. ముందు బాకీ కట్టండి, శబ్దం తగ్గించండి. లౌడ్‌స్పీకర్లకు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిషేధం ఉంది, అది మన ప్రార్థనలకూ వర్తిస్తుంది.

10. "వద్దు" అన్నప్పుడు, గొడవ ముదిరినప్పుడు

ఏథెన్సులో పౌలు మాట విని కొందరు ఎగతాళి చేశారు, కొందరు ఇంకోసారి వింటామన్నారు, కొద్దిమంది నమ్మారు. అతను అక్కణ్నుంచి వెళ్లిపోయాడు, ఎగతాళి చేసినవాళ్లతో కుస్తీకి దిగలేదు.

ఒక్కరే "వద్దు" అంటే: "సరేనండి, విన్నందుకు థాంక్స్" అని, వెంటనే మామూలు విషయంలోకి వచ్చేయండి. క్రికెట్, కరెంటు కోతలు, ఏదైనా సరే. అతను మళ్లీ ఎత్తేదాకా మీరు ఎత్తకండి.

నలుగురు గుమికూడి ప్రశ్నిస్తే:

☐ చేతులు కిందే ఉంచండి, గొంతు పెంచకండి.
☐ "మీకు ఇబ్బందిగా ఉంటే వెళ్లిపోతాను" అని చెప్పి, నిజంగానే వెళ్లండి.
☐ మీరుగా వీడియో తీసి రెచ్చగొట్టకండి.
☐ చెయ్యి చేసుకుంటే, బెదిరిస్తే, 112కు ఫోన్ చేయండి. ఫిర్యాదు చేయడం మీ హక్కు, పౌలు కూడా తన రోమా పౌరసత్వాన్ని వాడుకున్నాడు.
☐ ఇంటికెళ్లాక ఏం జరిగిందో తారీఖు, సమయంతో రాసిపెట్టుకోండి. ఎక్కువ చేసి రాయకండి.
☐ పాస్టరుగారికి, ఇంట్లో పెద్దవాళ్లకు ఆ రోజే చెప్పండి.

ఆడపిల్లలు కొత్త ఇళ్లకు ఒంటరిగా వెళ్లొద్దు. మగవాళ్లు ఒంటరిగా ఉన్న ఆడవాళ్ల ఇంటికి ప్రార్థన పేరుతో వెళ్లొద్దు. దీనికి మినహాయింపు లేదు.

11. "నేనూ నమ్మాలనుకుంటున్నాను" అంటే

ఇక్కడ తొందరపడేది ఎక్కువగా మనమే. సంతోషం పట్టలేక మర్నాడే పాస్టరుగారిని తీసుకెళ్లి నిలబెడతారు. ఆగండి.

ముందు ఒక సువార్త కలిసి చదవండి, మార్కు చిన్నది. వారానికి ఒక అధ్యాయం చాలు. అతని సందేహాలకు చోటివ్వండి. మధ్యలో వద్దనుకుంటే పోనివ్వండి, ఫోన్ల మీద ఫోన్లు చేయకండి.

అతనికి ఎదురయ్యే నష్టం దాచకుండా చెప్పండి. ఎస్సీ కుటుంబం నుంచి వచ్చినవారైతే ఇది మరీ ముఖ్యం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాత సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే ఉంటుంది. క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలను రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో సీ విభాగం) కింద లెక్కిస్తారు, అందులో రిజర్వేషన్ ఒక్క శాతమే. ఎస్టీలకు హోదా మతంతో ముడిపడి లేదు. చదువుకునే కుర్రాడి భవిష్యత్తు దీని మీద ఉంది కాబట్టి, "అదంతా దేవుడు చూసుకుంటాడు" అని దాటేయొద్దు. "కాగితాల్లో ఒకటి రాసుకో, లోపల ఒకటి ఉంచుకో" అని సలహా ఇవ్వడం అంతకన్నా తప్పు. కూర్చోబెట్టి, లాయరుతో మాట్లాడించి, నిర్ణయం అతనికే వదిలేయండి.

ఇంట్లోవాళ్ల సంగతి అడగండి. అమ్మానాన్నలకు చెప్పాడా? చెప్పకపోతే ఎలా చెప్పాలో కలిసి ఆలోచించండి. అమ్మకు నమస్కరించడం, ఇంటి ఖర్చులకు జీతం ఇవ్వడం, చెల్లి పెళ్లికి పరుగులు తీయడం ఇంకా బాగా చేయమనండి. భార్యాభర్తల్లో ఒకరే నమ్మితే, రెండోవారిని వెనకనుంచి తోయకండి.

పద్దెనిమిదేళ్లు నిండనివారికి తల్లిదండ్రుల సమ్మతి లేకుండా బాప్తిస్మం మాట ఎత్తకండి.

బాప్తిస్మం రోజు రానే వస్తే, ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టొద్దని సంఘంలో అందరికీ ముందే చెప్పండి. అతని పాత పేరు, ఊరు, కులం చెప్పి సాక్ష్యం చెప్పించడం కూడా మానండి. ఎవరికి, ఎప్పుడు చెప్పాలో అతను తేల్చుకుంటాడు.